పన్ను పోయిన చోట పెట్టించాలా, వదిలేయాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. కింద ఎడమవైపు దవడ పన్ను ఒకటి పీకించుకుని, నొప్పి పోయింది కదా ఇంకేం కావాలి అనుకుని, ఆ ఖాళీని ఆరేళ్లు అలాగే వదిలేసిన మనిషిని. తర్వాత తల పట్టుకోవాల్సి వచ్చింది. ఆ తిప్పల్లో డాక్టర్లని అడిగి అడిగి విసిగించి, దొరికిందల్లా చదివి తెలుసుకున్న సంగతులివి. తెలిసినవాళ్లలో ఎవరు పన్ను పీకించుకున్నా నాకే ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

ఒక్క పన్నే కదా, అది లేకపోతే కొంప మునుగుతుందా?

మునగదు. రేపో ఎల్లుండో ఏదో అయిపోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకండి. అసలు చిక్కల్లా ఏమీ అవనట్టే ఉండటంలో ఉంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, నాలుగు రోజులు నాలుక ఊరికే ఆ గుంటలోకి వెళ్లి తడుముకుంటుంది, తర్వాత నాలుక కూడా మర్చిపోతుంది. కానీ లోపల సర్దుబాటు మొదలైపోతుంది. కిక్కిరిసిన బస్సులో ఒకరు దిగిపోతే చుట్టూ నిలబడ్డవాళ్లు తమకే తెలియకుండా ఆ చోట్లోకి ఒరుగుతారు చూడండి, నోట్లోనూ అదే జరుగుతుంది. పోయిన పన్ను ఎలాగూ పోయింది, ఇప్పుడు చూసుకోవాల్సింది దాని పక్కవాటినీ ఎదురుగా ఉన్నదాన్నీ.

పళ్లు ఎముకలో పాతుకుని ఉంటాయి కదా, అవెలా జరుగుతాయి?

నేనూ అలాగే అనుకునేవాణ్ని, గోడలో మేకు దిగ్గొట్టినట్టు ఉంటాయని. కాదట. పంటి వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నారల పొర ఒకటి ఉంటుంది, మందం మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుందేమో, అంతే. పన్ను ఆ నారల మీద ఊయలలా వేలాడుతూ ఉంటుంది. క్లిప్పులు వేస్తే పళ్లు జరిగేది కూడా ఈ పొర ఉండబట్టే. పైగా వెనక పళ్లకి సహజంగానే ముందుకు ఒరిగే గుణం ఉంది, ఇన్నాళ్లూ ముందున్న పన్ను అడ్డుగా నిలబడి ఆపింది. అది పోయాక, ముఖ్యంగా కింది దవడలో, వెనక పన్ను ఆ ఖాళీ మీదికి మెల్లగా వాలుతుంది. వాలిన పంటికి ముందువైపు చిగురు దగ్గర లోతైన మూల ఒకటి తయారవుతుంది, బ్రష్ అక్కడికి చచ్చినా పోదు.

అందరికీ ఒకేలా జరగదు, ఇది కూడా చెప్పాలి. పై పళ్లూ కింది పళ్లూ ఒకదానిలో ఒకటి గట్టిగా కూర్చున్నవాళ్లకి ఏళ్లు గడిచినా పెద్దగా తేడా రాకపోవచ్చు. మీరు ఏ రకమో అద్దంలో చూసి చెప్పలేరు, అదే తంటా.

కింది పన్ను పోతే పై పన్నుకి ఏమవుతుంది?

దిగుతుంది. నమ్మలేదా? నేనూ నమ్మలేదు. ఆరేళ్ల తర్వాత వెళ్లినప్పుడు డాక్టరు నా నోటి అచ్చు తీయించి, ఆ తెల్లటి ప్లాస్టర్ దవడలు రెండూ కలిపి నా చేతిలో పెట్టారు. పక్కకి తిప్పి చూస్తే, కింద ఖాళీ ఉన్న చోట పై పన్ను ఒక్కటి మాత్రం వరసలోంచి మెట్టు దిగినట్టు కిందికి వచ్చేసి ఉంది, సుమారు రెండు మిల్లీమీటర్లు. దాని పక్కన, చిగురు వెనక్కి తగ్గి వేరు మొదలు కనిపించే చోట, పెన్సిల్‌తో చిన్న గీత గీసి, "ఇక్కడ పన్ను పెట్టాలంటే ముందు పైదాన్ని కాస్త అరగదీయాలి, చోటు లేదు" అన్నారు. పుచ్చు లేని, నొప్పి లేని, ఏ పాపం ఎరగని పన్ను అది. దాన్ని అరగదీయడానికి ఒప్పుకుంటూ నోరు తెరిచిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎదురుగా ఆనే పన్ను లేకపోతే ఇలా దిగడం చాలామందిలో కనిపిస్తుంది. ఎక్కువమందికి ఒకటీ రెండు మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది, కొందరికి మాత్రం ఎదుటి చిగురుని తాకేదాకా వస్తుంది.

ఎముక కరిగిపోతుంది అంటారు, అదేమిటి?

దవడలో పళ్ల వేర్లని పట్టుకుని ఉండే ఎముక పళ్ల కోసమే ఉంది. నమిలినప్పుడల్లా పన్ను ద్వారా దానికి ఒత్తిడి అందుతుంది, ఆ ఒత్తిడే దానికి తిండి అనుకోండి. కట్టు కట్టి కదలకుండా ఉంచిన కాలు సన్నబడినట్టు, పన్ను పోయాక ఆ ఎముక సన్నబడుతుంది. ఎంత వేగంగా అంటే, దవడ పన్ను తీసిన చోట మొదటి ఏడాదిలోనే వెడల్పు దాదాపు సగం తగ్గిపోవచ్చు, అందులోనూ మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే పోతుంది. బుగ్గ వైపు ఎముక పల్చగా ఉంటుంది కాబట్టి ముందు అటే తగ్గుతుంది. మీ ఖాళీ మీద వేలు పెట్టి తడిమి చూడండి, బుగ్గ వైపు గుంట పడ్డట్టు తగులుతుంది.

పై దవడలో వెనక పళ్లకి ఇంకో బెడద ఉంది. వాటి వేర్ల పైనే సైనస్ అనే గాలి గది ఉంటుంది, పన్ను పోయాక అది కిందికి పరుచుకుంటుంది. అంటే ఎముక కింద నుంచీ తగ్గుతుంది, పై నుంచీ తగ్గుతుంది. తర్వాతెప్పుడో ఇంప్లాంట్, అంటే ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పెట్టే పన్ను, పెట్టించుకుందాం లే అనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. పన్ను తీసిన రోజే ఆ గుంటలో ఎముక పొడి నింపే పద్ధతి ఒకటుంది, దానితో తరుగు తగ్గుతుంది కానీ పూర్తిగా ఆగదు.

పన్ను లేని చోట పుచ్చు రాదు కదా, మరి నోటి ఆరోగ్యం దెబ్బతినడం ఎలా?

లేని పన్నుకి రాదు, పక్కదానికి వస్తుంది. పళ్లు వరసగా ఆనుకుని ఉన్నప్పుడు రెంటి మధ్య గట్టి ఆనిక ఉంటుంది, నమిలిన తిండి అక్కడ ఇరుక్కోకుండా జారిపోతుంది. ఒకటి పోయి పక్కవి వాలాక ఆ ఆనికలు వదులవుతాయి, ఖాళీకి దూరంగా ఉన్న పళ్ల మధ్య కూడా సందులొస్తాయి. దిగిన పై పన్ను తన పక్కవాటితో ఆనిక తప్పి, నమిలిన ప్రతిసారీ తిండిని సందులోకి కూరుతుంది. రోజూ ఒకేచోట ఇరుక్కోవడం, పుల్ల పెట్టి లాగడం, చిగురు వాయడం, మళ్లీ ఇరుక్కోవడం, ఇదంతా చాలామందికి తెలిసిన కథే. కొన్నాళ్లకి ఆ సందులో పుచ్చు, చిగురు కింద గార, లోపల ఎముక తరగడం. అలా ఒక పన్ను పోయిన చోటే రెండోదీ పోతుంది. వాలిన పన్నుకి వంకర బరువు పడటం దీనికి తోడు, ముందే చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకి అది అగ్నికి ఆజ్యమే.

ఇంకో వైపు నములుకుంటున్నాను, చాలదా?

కొన్నాళ్లు చాలుతుంది. కానీ పనంతా ఒక పక్కకే పడితే అటు పళ్లు ఎక్కువ అరుగుతాయి, పాత ఫిల్లింగులూ క్యాపులూ ఉంటే ముందు అవే విరుగుతాయి. ఇంకో తమాషా ఏమిటంటే నమలని వైపు గార ఎక్కువ కడుతుంది, నమలడం వల్ల పళ్ల మీద జరిగే కాస్త రాపిడి కూడా అక్కడ ఉండదు కాబట్టి. దవడ కీలు నొప్పి దీనివల్లే వస్తుందని ఖాయంగా చెప్పలేం, దానికి వేరే కారణాలు బోలెడున్నాయి. చెవి ముందు టక్‌మని శబ్దమో నొప్పో ఉంటే అది వేరుగా చూపించుకోవాలి.

ముందు పన్ను పోతే మాట మారుతుందా?

మారుతుంది. బళ్లో చదువుకున్న వర్ణమాల గుర్తు చేసుకోండి, త థ ద ధ న అక్షరాలకి దంత్యాలని పేరు ఊరికే పెట్టలేదు. నాలుక కొస పై పళ్ల వెనక తగిలితేనే అవి సరిగ్గా పలుకుతాయి. 'స' కూడా అక్కడిదే, పన్ను లేకపోతే గాలి ఈలలా పోతుంది. 'వ' పలకాలంటే కింది పెదవి పై పళ్ల అంచుకి రావాలి. ఇక 'చలి', 'జల్లు' లాంటి మాటల్లో మన దంత్య చ, జ సంగతి చెప్పనక్కర్లేదు, ఒక్కసారి మీ పై పళ్లకి నాలుక తగలకుండా 'జల్లు' అని చూడండి. ముందు పళ్లు పోయినవాళ్లు నలుగురిలో మాట్లాడ్డం తగ్గించేసి, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవడం మనందరం చూసిందే. కొత్తగా కట్టుడు పళ్లు పెట్టుకున్నప్పుడు కూడా కొన్ని వారాలు మాట తడబడుతుంది, ఇంట్లో కూర్చుని ఏదైనా పైకి చదువుతుంటే త్వరగా అలవాటవుతుంది.

ముఖం పీక్కుపోతుందా?

ఒక్క దవడ పన్ను పోతే పీక్కుపోదు, అలా చెప్పి భయపెట్టేవాళ్లని పట్టించుకోకండి. చాలా పళ్లు పోయినప్పుడు మాత్రం నిజమే. పెదవులకీ బుగ్గలకీ లోపలి నుంచి దన్నుగా ఉండేవి పళ్లూ ఎముకానే, అవి లేకపోతే పెదవులు లోపలికి ముడుచుకుంటాయి, గడ్డానికీ ముక్కుకీ దూరం తగ్గుతుంది, గడ్డం ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. బోసినోటి ముఖానికి ఆ ఆకారం వచ్చేది వయసు ఒక్కదాని వల్లే కాదు.

అయితే ప్రతి ఖాళీలోనూ పన్ను పెట్టించాల్సిందేనా?

అక్కర్లేదు. ఈ ముక్క చెప్పని సలహా ఎక్కడ విన్నా రెండో అభిప్రాయం తీసుకోండి. జ్ఞానదంతం పోతే ఎవరూ పెట్టించరు. వరసలో అన్నిటికంటే వెనకున్న పన్ను పోయి, దానికి ఎదురుగా కూడా పన్ను లేకపోతే వదిలేసినా తప్పులేదు. నెదర్లాండ్స్‌లో కైజర్ అనే దంతవైద్య ఆచార్యుడు 1980ల మొదట్లోనే ఈ సంగతి గట్టిగా చెప్పారు. ముందు పళ్లూ వాటి వెనక చిన్న దవడ పళ్లూ బాగుంటే, పెద్ద దవడ పళ్లు కొన్ని లేకపోయినా చాలామందికి నమలడంలో ఇబ్బంది ఉండదని. జపాన్‌లో 1989 నుంచి '8020' అని ఒక ప్రచారం నడుస్తోంది, 80 ఏళ్ల వయసులో 20 సొంత పళ్లు ఉండాలని దాని లక్ష్యం. 32 అనలేదు, 28 అనలేదు, 20 అన్నారు.

నా మటుకు నేను ఇలా చూస్తాను. ముందు పన్నైతే ఎలాగూ పెట్టించుకుంటారు, ఎవరూ చెప్పక్కర్లేదు. అటూ ఇటూ పళ్లుండి మధ్యలో ఖాళీ, దానికి ఎదురుగా కూడా పన్ను ఉంటే ఆలస్యం చేయొద్దు. వదిలేయడం కూడా ఒక నిర్ణయమే, కాకపోతే ఎక్స్‌రే చూసుకుని, ఆలోచించి, ఏడాదికోసారి అచ్చో ఫోటోనో తీయించి పోల్చుకుంటూ వదిలేయాలి. నేను చేసినట్టు మర్చిపోయి వదిలేయడం వేరు.

పళ్లు లేకపోతే గుండెజబ్బు, మతిమరుపు వస్తాయని విన్నాను. నిజమేనా?

పళ్లు ఎక్కువగా పోయినవాళ్లలో ఆ జబ్బులు ఎక్కువ కనిపిస్తున్నాయని పరిశోధనలు చెబుతున్నాయి. అంతవరకే. పళ్లు పోవడం వల్లే వచ్చాయా, లేక పొగతాగడం, షుగర్, పేదరికం లాంటివి అటు పళ్లనీ ఇటు ఒంటినీ కలిపి దెబ్బతీశాయా అన్నది తేలలేదు. తిండి సంగతి మాత్రం తేలికగానే అర్థమవుతుంది. నమలలేని మనిషి గట్టివీ పీచు ఉన్నవీ వదిలేసి మెత్తటి వాటికి మారిపోతాడు, పెద్దవయసులో అది ఒంటికి మంచిది కాదు.

పన్ను పీకించాక ఎన్నాళ్లకి పెట్టించాలి?

పీకించకముందే మాట్లాడుకోవాలి, ఇదే నా జవాబు. కొన్ని కేసుల్లో పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ పెట్టేస్తారు, కొన్నిటికి చిగురు మానేదాకా రెండు నెలలు ఆగుతారు, ఇన్‌ఫెక్షన్ ఎక్కువుంటే ఇంకా ఆగుతారు. బ్రిడ్జికైతే, అంటే అటూ ఇటూ ఉన్న పళ్లకి క్యాపులు తొడిగి వాటి ఆసరాతో మధ్య ఖాళీలో నిలిపే పన్నుకైతే, చిగురు ఆకారం స్థిరపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు ఆగమంటారు, ముందు పన్నైతే అందాకా తాత్కాలికంగా ఒకటి అమరుస్తారు. మొత్తానికి మూడు నాలుగు నెలల్లోపు ఏం చేయాలో తేల్చుకుంటే దారులన్నీ తెరిచి ఉంటాయి.

తీసి పెట్టుకునే పళ్లు మంచివా, ఫిక్స్‌డ్ మంచివా?

తీసి పెట్టుకునేవాటిని అందరూ చిన్నచూపు చూస్తారు కానీ వాటికీ చోటుంది. ఆపరేషన్ అక్కర్లేదు, పక్క పళ్లని అరగదీయక్కర్లేదు, ఒకేసారి చాలా ఖాళీలు నింపొచ్చు. నష్టం ఏమిటంటే పళ్లకి పట్టే కొక్కేల చుట్టూ పాచి చేరుతుంది, శుభ్రం చేయకపోతే ఆ ఆసరా పళ్లే పుచ్చుతాయి. ప్లాస్టిక్ దానికంటే కోబాల్ట్ క్రోమియం లోహంతో పోతపోసినవి పల్చగా ఉంటాయి, బరువుని కొంత పళ్ల మీదికి మోసుకెళ్తాయి. చిగురు మీదే కూర్చునే పల్చటి ప్లాస్టిక్‌వి కొన్నాళ్లకి చిగురుని నొక్కేస్తాయి, వాటిని తాత్కాలికం కిందే లెక్కేసుకోండి.

బ్రిడ్జి కోసం రెండు మంచి పళ్లు అరగదీస్తారట, అది అన్యాయం కాదా?

ఆ రెండు పళ్లకీ ముందే క్యాపులో పెద్ద ఫిల్లింగులో ఉంటే బ్రిడ్జి చక్కటి మార్గం, ఎలాగూ క్యాపు పడాల్సినవే. చెక్కు చెదరని పళ్లైతే మాత్రం నాకూ మనసొప్పదు, పంటి పైన ఎనామిల్ ఒకసారి పోతే మళ్లీ రాదు, అరగదీసిన పళ్లలో కొన్నిటికి తర్వాత రూట్ కెనాల్ అవసరపడుతుంది కూడా. ముందు పన్ను ఒకటే లేకపోతే, పక్క పన్ను వెనక రెక్కలా అంటించే బ్రిడ్జి ఒకటుంది, మేరీలాండ్ బ్రిడ్జి అంటారు, దాదాపు అరగదీతే ఉండదు. అది ఎప్పుడైనా ఊడొచ్చు, మళ్లీ అంటిస్తారు.

బ్రిడ్జి పెట్టించుకున్నవాళ్లు చేసే పెద్ద తప్పు దాని కింద శుభ్రం చేయకపోవడం. మధ్య పన్ను చిగురు మీద ఆని ఉంటుంది, ఆ కిందికి బ్రష్ వెళ్లదు. ఒక కొస గట్టిగా ఉండే సూపర్ ఫ్లాస్ అనే దారం దొరుకుతుంది, పక్క సందులోంచి దూర్చి అటూ ఇటూ లాగాలి. మొదటి రోజు నాకు పది నిమిషాలు పట్టింది, చిగురు నుంచి రక్తం కూడా వచ్చింది, ఆ దారానికి అంటుకొచ్చిన వాసన చూశాక మళ్లీ ఒక్క రాత్రి మానలేదు. అలా చూసుకుంటే పది పదిహేనేళ్లు వస్తుంది.

ఇంప్లాంట్ అంటే దవడలో స్క్రూ బిగించడమేనా?

దాదాపు అంతే, టైటానియం స్క్రూ. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త కుందేలు కాలి ఎముకలో రక్తప్రసరణ ఎలా సాగుతుందో చూడటానికి ఒక టైటానియం పరికరం అమర్చాడు, పనయ్యాక తీద్దామంటే ఎముక దాన్ని వదలలేదు. ఆయన వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. 1965లో మొదటిసారి మనిషి దవడలో ఈ స్క్రూలు పెట్టాడు, ఆ మొదటి పేషెంట్ నలభై ఏళ్లకి పైగా వాటితోనే నమిలాడు.

స్క్రూ పెట్టాక ఎముక అతుక్కోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు ఆగి పైన పన్ను బిగిస్తారు. పక్క పళ్ల జోలికి పోనక్కర్లేదు, నమిలే ఒత్తిడి ఎముకలోకి వెళ్తుంది కాబట్టి ఎముక కూడా చాలావరకు నిలుస్తుంది, ఈ రెండూ బ్రిడ్జి ఇవ్వలేనివి. పదేళ్ల తర్వాత చూసినా నూటికి తొంభైకి పైగా నిలిచే ఉంటున్నాయి. ఒక తేడా మాత్రం గమనించండి, ఇందాక చెప్పిన నారల పొర ఇంప్లాంట్‌కి ఉండదు. సొంత పంటి కింద చిన్న రాయి పడితే దవడ చటుక్కున ఆగుతుంది, ఇంప్లాంట్ కింద పడితే అంత తొందరగా తెలియదు. పళ్లు కొరికే అలవాటున్నవాళ్లు అది ముందే చెప్పాలి.

షుగర్ ఉన్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చా?

షుగర్ అదుపులో ఉంటే పెట్టించుకోవచ్చు. అదుపులో లేకపోతే గాయం మానదు, ఇన్‌ఫెక్షన్ ముప్పు. సిగరెట్ తాగేవాళ్లలో ఇంప్లాంట్లు ఎక్కువగా విఫలమవుతాయి, ఇందులో నాన్చుడు లేదు. ఎముకలు గుల్లబారకుండా వాడే బిస్‌ఫాస్ఫొనేట్ రకం మందులు, ముఖ్యంగా క్యాన్సర్‌కి ఇంజెక్షన్‌గా తీసుకున్నవాళ్లు, పన్ను పీకించుకునే ముందే డాక్టరుకి చెప్పి తీరాలి, దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది. తలకీ మెడకీ రేడియేషన్ తీసుకున్నవాళ్లకీ ఇదే మాట.

ఇంప్లాంట్‌కి పుచ్చు రాదు కదా, ఇక బ్రష్ చేయకపోయినా పర్లేదా?

పుచ్చు రాదు నిజమే, చిగుళ్ల జబ్బు వస్తుంది. స్క్రూ చుట్టూ చిగురు వాచి, లోపల ఎముక నొప్పి లేకుండానే తరిగిపోతూ ఉంటుంది. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవాళ్లకి ఇది వచ్చే అవకాశం ఎక్కువ, పన్నుని తీసేసిన జబ్బే ఇంప్లాంట్‌నీ పట్టుకుంటుంది. అందుకే ముందు చిగుళ్లు బాగుచేసి తర్వాతే స్క్రూ సంగతి చూస్తారు. అలా కాకుండా మొదటి రోజే స్క్రూ వేసేద్దాం అంటే నేనైతే లేచి వచ్చేస్తాను.

మొత్తం పళ్లు పోయినవాళ్ల సంగతి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 దాటినవాళ్లలో నూటికి 23 మందికి ఒక్క పన్నూ లేదు. పూర్తి సెట్ పెట్టుకుంటే ముఖం, మాట బాగుపడతాయి, నమిలే బలం మాత్రం సొంత పళ్లతో పోలిస్తే నాలుగో వంతో అంతకన్నా తక్కువో వస్తుంది. పై సెట్ అంగిలికి పట్టుకుని నిలబడుతుంది, కింది సెట్‌కి ఆ ఆధారం లేదు, నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది. పైగా కింది దవడ ఎముక పైదానికంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ తరుగుతుంది. అందుకే కింద రెండు ఇంప్లాంట్లు పెట్టి, సెట్‌ని వాటికి బటన్‌లా నొక్కి నిలిపే పద్ధతి వచ్చింది, 2002లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు కింది దవడకి ముందుగా ఎంచుకోవాల్సింది అదేనన్నారు. పాత సెట్ వదులైందని జిగురు పూసుకుంటూ ఏళ్లు గడపకండి, ఎముక తరిగినకొద్దీ సెట్ లోపలి వైపు మళ్లీ సరిచేయించుకోవాలి.

కట్టుడు పళ్లు పెట్టుకునే పడుకోవచ్చా?

వద్దు. రాత్రి తీసి, సబ్బుతో తోమి, మామూలు నీళ్లలో వేసి పడుకోవాలి, వేడి నీళ్లు పోస్తే ఆకారం చెడుతుంది. తీయకపోతే అంగిలి ఎర్రబడి ఫంగస్ చేరుతుంది. జపాన్‌లో 85 ఏళ్లు దాటిన పెద్దవాళ్లని గమనించి 2015లో వెలువరించిన ఒక అధ్యయనంలో, పళ్లతోనే పడుకునేవాళ్లకి న్యుమోనియా రెండు రెట్లకి పైగా ఎక్కువ కనిపించింది.

పిల్లల పాలపళ్లు ఎలాగూ ఊడేవే కదా, ముందే పోతే ఏమిటి?

ఊడాల్సిన టైమ్‌కి ఊడితే ఏమీ కాదు. పుచ్చి ముందే తీయించాల్సి వస్తే, ముఖ్యంగా వెనక పాలపళ్లు, ఆరేళ్లకి వచ్చే పెద్ద దవడ పన్ను ముందుకు జరిగి కింద నుంచి రావాల్సిన పన్నుకి దారి మూసేస్తుంది. చిన్న తీగ లాంటిది పెట్టి ఆ చోటు కాపాడతారు, క్లిప్పుల బాధ కొంత తప్పుతుంది. ఎదిగే పిల్లలకి మాత్రం ఇంప్లాంట్ పెట్టరు. దవడ ఎదుగుతూ పక్క పళ్లు దానితో కదులుతాయి, ఇంప్లాంట్ ఉన్నచోటే ఉండిపోయి పొట్టిగా కనిపిస్తుంది. ఎదుగుదల ఆగేదాకా అంటించే బ్రిడ్జో తీసి పెట్టుకునేదో వాడతారు.

దెబ్బ తగిలి పన్ను ఊడి చేతిలోకి వచ్చింది, ఏం చేయాలి?

ఇది చదివి గుర్తు పెట్టుకోండి, అప్పుడు వెతుక్కునే టైమ్ ఉండదు. పెద్ద పన్నైతే తెల్లటి పై భాగం పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి అంటితే పాలతో తొలిపి, అదే గుంటలో అదే దిక్కుగా మళ్లీ పెట్టేసి, గుడ్డ కొరికిపెట్టుకుని పరిగెత్తాలి. పెట్టలేకపోతే పాలలో వేసి తీసుకెళ్లండి, నీళ్లలో నానబెట్టొద్దు. అరగంటలోపు పెడితే బతికే అవకాశం బాగుంటుంది, గంట దాటి ఆరిపోతే వేరు మీది కణాలు చచ్చిపోతాయి. పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద ఉన్న పన్ను దెబ్బతింటుంది.

ఏళ్ల తరబడి వదిలేశాను. ఇప్పుడు ఆలస్యమైపోయిందా?

పని పెరిగింది, అంతే. వాలిన పన్నుని క్లిప్పులతో నిలబెట్టొచ్చు, తరిగిన చోట ఎముక పొడి వేయొచ్చు, సైనస్‌ని పైకి లేపొచ్చు, దిగిన పన్నుని కాస్త అరగదీయొచ్చు. ఒక్కోటీ అదనపు నెలలు, అదనపు కూర్చోవడాలు. నాకైతే పైది అరగదీసి, కింద వాలిన పన్నుకి ముందే ఉన్న పెద్ద ఫిల్లింగ్ చూసి, బ్రిడ్జి వేశారు. ముందే వెళ్లుంటే నాలుగు నెలల్లో తేలేది ఏడాది పట్టింది.

డాక్టర్ దగ్గరికి వెళ్తే ఏం అడగాలి?

నేను ఇప్పుడు అడిగేవి ఇవి. ఈ ఖాళీ వదిలేస్తే నా నోట్లో, ఈ ఎక్స్‌రే ప్రకారం, ఏ పన్ను జరిగేలా ఉంది? పక్క పళ్ల చిగుళ్లు ఎలా ఉన్నాయి? పెట్టిన పన్ను పోతే తర్వాత దారేమిటి? దాని కింద రోజూ ఎలా శుభ్రం చేయాలో మీరే నా నోట్లో చేసి చూపిస్తారా? ఈ చివరి ప్రశ్నకి విసుక్కోకుండా అద్దం చేతికిచ్చి, దారం దూర్చి చూపించిన డాక్టరు దగ్గరే నేను బ్రిడ్జి వేయించుకున్నా.